లాయర్ కాదు.. అయినా గవర్నర్ ముందు వాదించి షెరీఫ్‌ను మళ్లీ కుర్చీ ఎక్కనివ్వలేదు! ఎవరీ ఐడా బి. వెల్స్?

1909 డిసెంబర్. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్ర రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో గవర్నర్ చార్లెస్ డెనీన్ ముందు ఓ విచారణ జరుగుతోంది. ఒకవైపు పదవి పోగొట్టుకున్న షెరీఫ్ ఫ్రాంక్ డేవిస్, ఆయన లాయర్, ఆయన మంచోడంటూ ఊరి పెద్దలు రాసిన ఉత్తరాలు. రెండోవైపు 47 ఏళ్ల నల్లజాతి మహిళ. ఆమె లాయర్ కాదు, జర్నలిస్టు. పేరు ఐడా బి. వెల్స్.

అసలేం జరిగిందంటే.. అంతకు నెల ముందు కైరో అనే ఊళ్లో ఓ తెల్లజాతి యువతి హత్యకు గురైంది. విలియం జేమ్స్ అనే నల్లజాతి వ్యక్తిని అరెస్ట్ చేశారు. కోర్టు లేదు, తీర్పు లేదు. షెరీఫ్ కస్టడీలో ఉన్న మనిషిని వేలాది మంది గుంపు లాక్కెళ్లి చంపేసింది. శవాన్ని కూడా తగలబెట్టింది.

ఇల్లినాయ్‌లో అప్పటికే ఓ గట్టి చట్టం ఉంది. 1905లో వచ్చింది. ఖైదీని మూకకు వదిలేస్తే షెరీఫ్ ఉద్యోగం ఊడుతుంది. అయితే కాపాడటానికి చేయగలిగిందంతా చేశానని గవర్నర్ దగ్గర రుజువు చేసుకుంటే పదవి తిరిగొస్తుంది. డేవిస్ వచ్చింది అందుకే.

నిజానికి కైరో వెళ్లడం వెల్స్‌కు మొదట ఇష్టం లేదు. లాయరైన భర్త ఫెర్డినాండ్ బార్నెట్, కొడుకు చెబితే బయలుదేరారు. అక్కడికెళ్తే మరో షాక్! నల్లజాతి వాళ్లలోనే కొందరు షెరీఫ్‌కు మద్దతుగా ఉత్తరాలు రాశారు. జేమ్స్ హంతకుడే కదా అన్నది వాళ్ల మాట. అతను దోషా కాదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు, షెరీఫ్ తన డ్యూటీ చేశారా లేదా అన్నదే ప్రశ్న అని ఆమె వాళ్లకు నచ్చజెప్పారు. జనంతో మాట్లాడి, మీటింగ్ పెట్టి, తీర్మానం చేయించి ఆ కాగితాలతో స్ప్రింగ్‌ఫీల్డ్ చేరారు. ఖైదీని జైల్లో పెట్టి అదనపు కాపలా పెట్టకుండా అడవిలోకి తీసుకెళ్లి దాచడమేంటన్నది ఆమె వాదన. గవర్నర్ ఒప్పుకున్నారు. డేవిస్‌కు పదవి తిరిగి ఇవ్వలేదు.

ఈ పట్టుదల కొత్తగా వచ్చిందేమీ కాదు. 1862లో మిసిసిపీలో బానిస కుటుంబంలో పుట్టారు వెల్స్. 16 ఏళ్లకే తల్లిదండ్రులు పచ్చజ్వరంతో పోతే టీచర్‌గా పనిచేసి తమ్ముళ్లు, చెల్లెళ్లను పెంచారు. రైల్లో లేడీస్ బోగీ నుంచి దించేశారని రైల్వే కంపెనీ మీద కేసు వేసి 1884లో 500 డాలర్ల పరిహారం గెలిచారు. 1887లో టెన్నెసీ సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఆ కేసు గురించి రాస్తూనే ఆమె కలం పట్టారు.

1892లో మెంఫిస్‌లో ముగ్గురు నల్లజాతి కిరాణా వ్యాపారులను మూక చంపింది. వాళ్లలో థామస్ మాస్ ఆమెకు స్నేహితుడు. అది వెల్స్ జీవితాన్నే మార్చేసింది. మూకహత్యల వెనుక అసలు కారణాలను తవ్వి తన పేపర్‌లో రాశారు. ఆమె ఊళ్లో లేని టైమ్‌లో ఆఫీసును ధ్వంసం చేశారు. తిరిగొస్తే చంపుతామన్నారు. అప్పటి నుంచి న్యూయార్క్, షికాగో పేపర్లకు రాస్తూ, సొంతంగా పుస్తకాలు వేసుకుంటూ పోరాడారు. 1895లో వచ్చిన రెడ్ రికార్డ్ పుస్తకంలోని లెక్కలు షికాగో ట్రిబ్యూన్ ప్రచురించినవే. తెల్లవాళ్ల పేపర్ లెక్కలైతే అబద్ధమని ఎవరూ అనలేరు కదా!

1919లో అర్కాన్సాస్ రాష్ట్రంలోని ఎలేన్ అల్లర్ల కేసులో 12 మంది నల్లజాతి రైతులకు మరణశిక్ష పడింది. వెల్స్ బంధువులా నటిస్తూ జైలుకెళ్లి వాళ్లతో మాట్లాడి 1920లో పుస్తకం వేశారు. స్కిపియో జోన్స్ లాంటి లాయర్లు కోర్టుల్లో పోరాడారు. 1923లో అమెరికా సుప్రీంకోర్టు మూక బెదిరింపుల మధ్య జరిగే విచారణ చెల్లదని తేల్చింది. 12 మందిలో ఎవరినీ ఉరి తీయలేదు.

1931లో వెల్స్ కన్నుమూశారు. రాసుకుంటున్న ఆత్మకథ ఓ వాక్యం మధ్యలోనే ఆగిపోయింది. కూతురు ఆల్‌ఫ్రెడా దాన్ని 1970లో అచ్చు వేయించారు. 2020లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం దక్కింది. మూకహత్యను ఫెడరల్ నేరంగా మార్చే చట్టం అమెరికాలో వచ్చింది మాత్రం 2022లో.