మోజెస్ అవ్వ

అమెరికా దేశమున న్యూయార్కు రాష్ట్రములోని గ్రీనిచ్ గ్రామమునందు 1860వ సంవత్సరము సెప్టెంబరు 7వ తేదీన ఒక రైతు యింట అన్నా మేరీ రాబర్ట్‌సన్ జన్మించెను. పదిమంది బిడ్డలలో ఆమె యొకతె. తండ్రి తెచ్చియిచ్చిన తెల్లకాగితములపై ఆ బాలిక బొమ్మలు గీచి, ద్రాక్షపండ్ల రసముతో రంగులు పూయుచుండెడిది. ఆ వేడుక యెంతోకాలము సాగలేదు. పండ్రెండవ యేట ఆమె పరుల యిండ్లలో పనికత్తెగా చేరి, వండుచు, ఉతుకుచు, కుట్టుచు పదునైదేండ్లు గడపెను.

1887లో ఆమె తానున్న చోటనే సేద్యపుపని చేయుచుండిన థామస్ మోజెస్‌ను వివాహమాడెను. దంపతులు వర్జీనియా రాష్ట్రమునకు బోయి, షెనాండోవా లోయలో భూమిని గుత్తకు తీసికొనిరి. భర్త సంపాదనపై ఊరక కూర్చుండుట ఆమెకు గిట్టదు. తాను కూడబెట్టిన సొమ్ముతో ఆవును కొని, వెన్న చిలికి విక్రయించెను. పిదప బంగాళాదుంపలను పలుచగా తరిగి, వేయించి అమ్మెను.

శరత్కాలమున ఆపిలు పాకము వండుట ఆ ప్రాంతమున పెద్ద పని. ఆరుబయట కాగులో పండ్ల రసమును మరిగించి, అందు ముక్కలు వేసి, పొడవైన కఱ్ఱతెడ్డుతో పొద్దంతయు కలియబెట్టవలెను, ఏమరినచో అడుగంటును. అందుచే ఇంటివారందఱును వంతులవారిగా తెడ్డు పట్టుదురు. న్యూయార్కు ప్రాంతమున చలికాలపు చివర మేపుల్ చెట్లకు తూట్లు పొడిచి, కారెడు రసమును బాల్చీలలో పట్టి కాతురు. నీటివలె పలుచనైన ఆ రసము సుమారు 40 పాళ్లు మరిగినగాని ఒక పాలు పాకము దిగదు. వేడిపాకమును మంచుపై పోసినచో గట్టిపడి మిఠాయి యగును. పిల్లలకు అంతకు మించిన పండుగ లేదు.

అట్టి యింట దుఃఖమును లేకపోలేదు. పదిమంది బిడ్డలు కలుగగా ఐదుగురు పసితనముననే మరణించిరి. 1905లో కుటుంబము న్యూయార్కు రాష్ట్రమునకు మరలివచ్చి, ఈగిల్ బ్రిడ్జి చెంత స్థిరపడెను. 1927లో భర్త గతించెను.

వార్ధక్యమున ఆమె ఉన్నిదారములతో బొమ్మలు కుట్టుచుండెను. కీళ్లవాతముచే సూది పట్టుట కష్టము కాగా, సోదరి సలహాపై కుంచె పట్టెను. అప్పటికి డెబ్బదియేండ్లు దాటినవి. తన చిత్రములను, తాను నిలువచేసిన పండ్ల పాకములను కలిపి ఒక గ్రామీణ ప్రదర్శనమునకు పంపగా, పాకములకు బహుమానము లభించెను, చిత్రములకు లభింపలేదు. నిర్ణేతలను నిందింప బనిలేదు. పాకపు రుచి నాలుకకు వెంటనే తెలియును గదా!

1938లో హూసిక్ ఫాల్స్ పట్టణమున ఒక మందుల దుకాణములో ఉంచిన ఆ చిత్రములను లూయీ కాల్డర్ అను ఇంజనీరు చూచి, ఉన్నవన్నియు కొనెను. 1940లో అవి న్యూయార్కు నగరమున ప్రదర్శింపబడెను. అవ్వ అచ్చటికి వచ్చినపుడు, చిత్రకళను గూర్చి వినగోరి చేరిన జనులకు తన పండ్ల పాకములను గూర్చియే చెప్పెను. ఆమె చిత్రించినవియు ఆ కాగు, ఆ బాల్చీలు, ఆ మంచునే. చిత్రములు వ్రాయకున్నచో కోళ్లను పెంచుకొనుచుందునని ఆమె యనుచుండెడిది. నూరేండ్లు నిండిన పిదపయు కుంచె విడువక, 1961 డిసెంబరు 13న ఆమె కన్నుమూసెను.