మన్ను లేక మొక్కను బెంచిన సాక్సు పండితుడు

మొక్క మన్నును దినునా? ఈ ప్రశ్న మా తరగతిలో ఏటేట బుట్టుచుండును. విద్యుత్కేంద్రమును, ఔషధ కర్మాగారములును వెలసిన మా పరవాడలో నేల విలువ యెరుగనివారు లేరు. కావున ఈ ప్రశ్నకు బ్రత్యుత్తరము వెదకినవారిలో ముఖ్యుడగు జూలియస్ ఫాన్ సాక్సు చరిత్రమును సంగ్రహముగా విన్నవించెదము.

సాక్సు 1832వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన బ్రెస్లా నగరమున జన్మించెను. అది నాడు ప్రష్యా రాజ్యములోనిది. నేడు పోలెండు దేశములోనున్నది. తండ్రి రేకులపై జిత్రములు చెక్కి జీవించువాడు. కుమారునకును జిత్రలేఖనము నేర్పెను. 1848లో తండ్రియు, మరుసటి యేట తల్లియు గతించిరి. బాలుడు దిక్కులేనివాడై చదువు మానవలసివచ్చెను. అప్పుడు పుర్కిన్యే యను శాస్త్రజ్ఞుడు అతనిని ప్రేగు నగరమునకు బిలిపించుకొని, పటములు వ్రాయు పని యొసగి యాదరించెను. ఆ యాశ్రయమున జదివి సాక్సు 1856లో డాక్టరు పట్టము నందెను.

కుళ్లిన ఆకులతో నల్లబడిన మన్నే మొక్కకు ఆహారమని పూర్వులు పెక్కురు తలచియుండిరి. నీటిలో గరగిన లవణములే చాలునని లీబిగ్ మొదలగువారు వాదించిరి. సాక్సు వాదముతో దృప్తినొందక, మొలకల వేళ్లను నీటిలో నుంచి పెంచెను. లీటరు నీటికి ఒక గ్రాము సురేకారము, అరగ్రాము చొప్పున కాల్షియము ఫాస్ఫేటు, కాల్షియము సల్ఫేటు, మెగ్నీషియము సల్ఫేటు, పావుగ్రాము ఉప్పు, లేశమాత్రము అన్నభేది. ఇదియే అతని పాకము. ఇనుము లోపించిన ఆకులు పాలిపోవును. చేర్చిన మరల బచ్చబడును. ఈ పద్ధతిని 1860లో బ్రకటించెను. ఆ కాలముననే క్నాప్ అను పండితుడును ఇట్టి పరీక్షలు చేసెను.

అయిన మొక్క శరీరమంతయు లవణములే కాదు. బొగ్గుపులుసు గాలిని గ్రహించి, వెలుతురు సాయమున ఆకులోని పచ్చని రేణువులు పిండిని జేయునని సాక్సు పిమ్మట నిరూపించెను. 1868 మొదలు వ్యుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, 1897 మే 29వ తేదీన మరణించెను. కాలిఫోర్నియాలో తొట్లయందు టమాటాలు పండించిన గెరికే 1937లో ఈ విద్యకు హైడ్రోపోనిక్సు అను పేరును బ్రచారము చేసెను.

విద్యార్థులారా, మన్ను వలదని దీని భావము గాదు. మన్ను మౌనముగా జేయు పనినంతయు సీసాలో మనుష్యుడే తూచి చేయవలెను. ఒక్క లవణము మరచిన మొక్క కృశించును. పోషణ దొరికినచో నీటిలోని మొలకయు, దిక్కులేని బాలుడును వర్ధిల్లుదురని సాక్సు జీవితము మాకు దెలుపుచున్నది.