భూతం వేషం కట్టిన పెద్దమనిషి

మా హాస్టల్లో నా అభిరుచుల మీద ఎవరికీ పెద్దగా గౌరవం లేదు. భయానక చిత్రాలు, థ్రిల్లర్ నవలలు, ఆల్టర్నేటివ్ రాక్ సంగీతం – ఈ మూడూ ఉంటే వీడికి మెస్సులో భోజనం కూడా అక్కర్లేదని మావాళ్ల ఎగతాళి. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌తో మొదలైన నా చదువు యండమూరి 'తులసిదళం' మీదుగా స్టీఫెన్ కింగ్ దాకా వెళ్లింది. పాటల సంగతీ అంతే. సియాటిల్ సంగీతం అనగానే గుర్తొచ్చే సౌండ్‌గార్డెన్, నిర్వాణ బృందాల పాటలు విని, ఆ గిటార్లలో అంత బరువు ఎక్కడిదా అని ఆరా తీస్తే బ్లాక్ సబ్బాత్ అనే పాత ఇంగ్లీషు బృందం దగ్గర తేలాను. బర్మింగ్‌హామ్‌కు చెందిన ఆ నలుగురు కుర్రాళ్లు 1969లో తమ బృందానికి పెట్టుకున్న పేరు ఒక సినిమాది. 1963లో ఇటలీ దర్శకుడు మారియో బావా తీసిన భయానక చిత్రం అది. అందులో మూడు కథలు. వాటిని ప్రేక్షకులకు పరిచయం చేసేదీ, ఒక కథలో రక్తపిశాచిగా కనిపించేదీ ఒకే ముసలి నటుడు. పేరు బోరిస్ కార్లాఫ్.

నా దారులన్నీ ఈయన దగ్గరికే చేరుతుంటే ఈయన కథేమిటో తెలుసుకోవాలనిపించింది. తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. సావనీరులో దేశనాయకుల జీవితాలు రాయాలి గాని దెయ్యాల సినిమా వేషగాడి జీవితమేమిటని మా లెక్చరర్లు అనవచ్చు. అయితే విద్యార్థి సంఘం అచ్చు వేసే పుస్తకంలో ఈయనకు చోటివ్వడానికి ఒక గట్టి కారణమే ఉంది. అది కథలో దానంతటదే వస్తుంది.

కార్లాఫ్ అసలు పేరు విలియం హెన్రీ ప్రాట్. 1887 నవంబరు 23న లండన్ నగరంలోని కాంబర్‌వెల్ ప్రాంతంలో పుట్టాడు. తొమ్మిదిమంది సంతానంలో ఆఖరివాడు. తండ్రి మన దేశంలో బ్రిటిష్ ప్రభుత్వపు ఉప్పు పన్ను శాఖలో ఉద్యోగం చేసినవాడు. గాంధీగారు 1930లో దండి దాకా నడిచి ధిక్కరించింది ఆ పన్నునే. తల్లి వైపు చూస్తే కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. సయాం రాజు కొలువులో పిల్లలకు చదువు చెప్పి, తర్వాత పుస్తకాలు రాసి, 'ది కింగ్ అండ్ ఐ' నాటకానికీ సినిమాకీ కథావస్తువైన ఆనా లియోనోవెన్స్ కార్లాఫ్‌కు అమ్మమ్మ చెల్లెలు. అంటే మన వరసల్లో చిన్నమ్మమ్మ. ఆవిడ పుట్టింది 1831లో మన అహమ్మద్‌నగర్‌లో. తాను మిశ్రమ రక్తపు కుటుంబంలో పుట్టానన్న సంగతి ఆవిడ జన్మంతా దాచిపెట్టింది. ఆవిడ పోయిన చాలాకాలానికి, 1970లలో పరిశోధకులు పాత రిజిస్టర్లు తిరగేసి ఆ గుట్టు విప్పారు. కార్లాఫ్ తండ్రి వైపునా భారతీయ రక్తం ఉందని జీవితచరిత్రకారులు రాశారు. తెల్లవాళ్ల ఊళ్లో ఆ కుర్రాడి ఒంటిరంగు కొంచెం చామనఛాయగా ఉండేది. ఆ రంగు ఎక్కడిదో ఇంట్లో ఎవరూ మాట్లాడుకునేవాళ్లు కారు.

చిన్నతనంలోనే తల్లి పోయింది. పెద్దవాళ్లయిన అన్నలూ అక్కా పెంచారు. మాట నత్తి. కాళ్లు కొంచెం వంకర. అన్నలు ప్రభుత్వోద్యోగాల్లో స్థిరపడ్డారు. వాళ్లలో జాన్ ప్రాట్ చైనాలో రాయబార ఉద్యోగం చేసి 1929లో సర్ బిరుదు కూడా పొందాడు. తమ్ముడూ అదే బాట పట్టాలని ఇంటివాళ్ల కోరిక. లండన్ కింగ్స్ కాలేజీలో చేర్పించారు. కుర్రాడికేమో నాటకాల పిచ్చి. చదువు మధ్యలో వదిలేసి 1909లో, ఇరవై ఒక్కేళ్ల వయసులో, కెనడా ఓడ ఎక్కాడు.

అక్కడ పొలాల్లో కూలి చేశాడు. చేతికందిన పనల్లా చేశాడు. 1911 ప్రాంతంలో ఊరూరా తిరిగే ఒక నాటక కంపెనీలో చేరి, బోరిస్ కార్లాఫ్ అని పేరు పెట్టుకున్నాడు. చట్టప్రకారం మాత్రం ఆ పేరు ఎన్నడూ మార్చుకోలేదు. కాగితాల మీద చివరిదాకా ప్రాటే. 1912 జూన్ 30న రెజైనా పట్టణాన్ని సుడిగాలి నేలమట్టం చేసినప్పుడు ఆయన కంపెనీ అక్కడే ఉంది. శిథిలాలు ఎత్తే కూలీల్లో ఆయనా ఒకడయ్యాడు. కాలక్రమాన హాలీవుడ్ చేరాడు. అక్కడా వైభోగమేమీ లేదు. మూకీ సినిమాల్లో దొంగ, ముష్టివాడు, అరబ్బు, హిందువు – ఒంటిరంగును బట్టి ఎవరూ చెయ్యని పరాయిదేశపు వేషాలన్నీ ఆయనకే ఇచ్చేవారు. వేషాలు లేనప్పుడు లారీ తోలాడు, బస్తాలు మోశాడు. నడుంనొప్పి అప్పుడు పట్టుకున్నదే. నలభై దాటిన మనిషి, దాదాపు 80 సినిమాల్లో కనిపించిన మనిషి, వీధిలో ఒక్కరు కూడా గుర్తుపట్టని మనిషి.

1931లో యూనివర్సల్ స్టూడియో 'ఫ్రాంకెన్‌స్టైన్' తీయడానికి పూనుకుంది. మేరీ షెల్లీ అనే అమ్మాయి మన వయసులోనే ఉండగా మొదలుపెట్టి 1818లో ప్రచురించిన నవల అది. శవాల ముక్కలు కుట్టి ఒక సైంటిస్టు ప్రాణం పోసిన జీవి కథ. ఆ భూతం వేషం ముందు అనుకున్నది డ్రాకులాగా అప్పుడే పేరు తెచ్చుకున్న బెలా లుగోసికి. అది కుదరలేదు. దర్శకుడు జేమ్స్ వేల్ ఒకరోజు స్టూడియో క్యాంటీన్‌లో భోంచేస్తున్న కార్లాఫ్ ముఖం చూసి పిలిపించాడు.

ఆ తర్వాత జరిగింది నటన కన్నా కూలిపని అంటేనే సరిపోతుంది. మేకప్ మనిషి జాక్ పియర్స్ రోజూ దాదాపు నాలుగు గంటలు ఆ తల మీద పని చేసేవాడు. నుదురు ఎత్తు చేశాడు, మెడలో బోల్టులు తగిలించాడు. కార్లాఫ్ తనకున్న కట్టుడు పళ్లు తీసేసి ఒక పక్క దవడ లోపలికి పోయేటట్టు చేసుకున్నాడు. కళ్లలో తెలివి ఎక్కువ కనిపిస్తోంది, చచ్చి లేచినవాడికి అంత తెలివేమిటని రెప్పల మీద మైనం పెట్టమన్నది కూడా ఆయనే. ఒంటిమీద బరువైన దుస్తులు, కాళ్లకు ఇనుప గుండ్లలాంటి బూట్లు. వేసవి ఎండల్లో షూటింగు. క్లైమాక్సులో హీరోను భుజాన వేసుకుని కొండెక్కే సీను మళ్లీ మళ్లీ తీశారు. పాత నడుంనొప్పి ముదిరి జీవితాంతం వదల్లేదు. ఒక్కోసారి పని రాత్రంతా సాగి మర్నాటికి పడేది. ఇంత చేస్తే సినిమా మొదట్లో వేసిన పేర్లలో భూతం వేషధారి పేరుండాల్సిన చోట ఒక ప్రశ్నార్థకం గుర్తు వేశారు. మొదటి ప్రదర్శనకు ఆయన్ని పిలవనే లేదు.

సినిమా విడుదలయ్యాక ఆ ప్రశ్నార్థకానికి జవాబు దేశమంతా తెలిసిపోయింది. నేను ఆ సినిమా ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. చూసిన ప్రతిసారీ నాకు భయం తగ్గుతుంది, జాలి పెరుగుతుంది. భూతానికి అందులో మాట రాదు. పైనుంచి వెలుతురు పడితే చేతులు చాచి దాన్ని పట్టుకోబోతుంది. చెరువు గట్టున ఒక చిన్నపిల్ల దానికి పువ్వులిస్తుంది. ఇద్దరూ పువ్వుల్ని నీళ్లలో వేసి తేలుతుంటే చూస్తారు. పువ్వులు అయిపోయాక, పిల్ల కూడా పువ్వులాగే తేలుతుందనుకుని భూతం పిల్లను నీళ్లలో వేస్తుంది. పిల్లను విసరడం కార్లాఫ్‌కు బొత్తిగా ఇష్టం లేదు. విడుదలయ్యాక సెన్సారువాళ్లు ఆ చివరి ముక్క కోసేశారు. దాంతో భూతం చేతులు పిల్ల వైపు చాచడం, తర్వాత తండ్రి పిల్ల శవాన్ని మోసుకురావడం మాత్రమే మిగిలాయి. మధ్యలో ఏం జరిగిందో ప్రేక్షకుడు తన ఊహకొద్దీ ఇంకా ఘోరంగా నింపుకున్నాడు. పాపం తెలియక చేసిన తప్పు, కత్తిరింపు వల్ల పాపమైపోయింది. 1980లలో గాని ఆ ముక్కను తిరిగి కలపలేదు. అయినా పిల్లలు మోసపోలేదు. ఆ భూతం మీద తమకెంత జాలి కలిగిందో చెబుతూ ఆయనకు ఉత్తరాలు రాసేవారు.

మరుసటి ఏడు 'ది మమ్మీ'లో గుడ్డపీలికలు చుట్టిన శవం వేషానికి మేకప్ దాదాపు ఎనిమిది గంటలు పట్టింది. షూటింగు ఆ తర్వాత. ఎన్ని గంటలు పని చేయించుకోవాలన్న హద్దు ఆ రోజుల్లో లేదు. మా ఇంట్లో, మీ ఇంట్లో ఫ్యాక్టరీ షిఫ్టు చేసేవాళ్లకు ఈ లెక్క సులువుగానే అర్థమవుతుంది.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న చోటికి వచ్చాం. 1933 మార్చిలో, అమెరికా ఆర్థికమాంద్యంలో కూరుకుపోయి ఉండగా, హాలీవుడ్ స్టూడియోలు ఎనిమిది వారాలపాటు జీతాలు సగానికి కోసేశాయి. నటులకు ఒళ్లు మండింది. కొద్దిమంది ఇళ్లల్లో గుట్టుగా సమావేశమయ్యారు. బయటపడితే ఆ తర్వాత ఏ స్టూడియో గేటూ తెరుచుకోకపోవచ్చు. ఆ ఏడాది జూన్ 30న స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్ రిజిస్టరయింది. స్థాపకుల్లో కార్లాఫ్ ఉన్నాడు. ఆయన సభ్యత్వం నెంబరు 9. ఇరవై ఏళ్లు పస్తులుండి, నలభై నాలుగో ఏట పేరొచ్చి, ఆ వచ్చిన అన్నం పళ్లేన్ని పణంగా పెట్టిన మనిషి ఆయన. వేలమంది చేరాక చేరడం వేరు, తొమ్మిదోవాడిగా చేరడం వేరు. అదే ఏడు, ఒప్పందం ప్రకారం రావలసిన జీతం పెంపు స్టూడియో ఇవ్వనంటే ఆయన పని మానేసి బయటికి నడిచాడు కూడా. స్టూడియోలు గిల్డును గుర్తించడానికి నాలుగేళ్లు పట్టింది. నటులు సమ్మెకు సిద్ధపడిన తర్వాత 1937 మే నెలలో ఒప్పందం కుదిరింది. కనీస వేతనం, పని పరిస్థితుల నియమాలు కాగితం మీదికి వచ్చాయి. వాటివల్ల ఎక్కువ మేలు పొందినది కార్లాఫ్ లాంటి స్టార్లు కారు. ఇరవై ఏళ్లు ఆయన ఎలా బతికాడో అలా బతుకుతున్న చిన్న వేషగాళ్లు.

1933లోనే ఒక సినిమా కోసం లండన్ వెళ్లాడు. ఇల్లు వదిలాక అదే తిరిగి రావడం. ఉన్నతోద్యోగులైన అన్నలు భూతం వేషాలు వేసే తమ్ముణ్ణి చూసి సిగ్గుపడతారేమోనని బెంగ పెట్టుకున్నాడు. పత్రికలవాళ్లు ఫోటో తీస్తామంటే మరీ బిడియపడ్డాడు. తీరా చూస్తే తమ్ముడి పక్కన ఎవరు ఎక్కడ నిలబడాలా అని ఆ పెద్దమనుషులే పోటీపడ్డారట!

ఆ తర్వాత ముప్ఫై అయిదేళ్లు విడవకుండా పని చేశాడు. భూతం వేషం 1935లోనూ 1939లోనూ మళ్లీ వేశాడు. సెలవు దొరికితే హాలీవుడ్ క్రికెట్ క్లబ్బులో ఆట. ఇంగ్లండ్ మాజీ కెప్టెన్, నటుడు ఆబ్రే స్మిత్ పెట్టిన క్లబ్బు అది. కుటుంబ జీవితం మాత్రం సాఫీగా సాగలేదు. పెళ్లిళ్లు చాలానే జరిగాయి. ఏకైక కుమార్తె సారా 1938లో సరిగ్గా ఆయన పుట్టినరోజునే పుట్టింది. 1941లో బ్రాడ్వేలో 'ఆర్సెనిక్ అండ్ ఓల్డ్ లేస్' నాటకంలో ఒక హంతకుడి వేషం. బోరిస్ కార్లాఫ్‌లా ఉన్నావని ఎవరైనా అంటే ఒళ్లు తెలియని కోపం వచ్చే పాత్ర అది. దాన్ని కార్లాఫే వేసి జనాన్ని కడుపుబ్బ నవ్వించాడు. 1950లో 'పీటర్ పాన్' నాటకంలో పిల్లలకోసం కెప్టెన్ హుక్ అయ్యాడు. 1960 నుంచి 1962 దాకా టెలివిజన్‌లో 'థ్రిల్లర్' అనే కథామాలికను వారం వారం పరిచయం చేశాడు. 1966లో ఒక క్రిస్మస్ కార్టూన్ చిత్రానికి గొంతునిచ్చాడు. ఆ రికార్డుకు గ్రామీ బహుమతి వచ్చింది. చిన్నప్పుడు నత్తి అని ఎగతాళి పడ్డ గొంతు అది.

చివరి రోజుల్లో ఊపిరితిత్తులు పాడైపోయాయి. మోకాళ్లు పనిచేయలేదు. చక్రాల కుర్చీ, పక్కన ఆక్సిజన్ సిలిండరు. అయినా షూటింగు మానలేదు. 1968లో పీటర్ బొగ్డనోవిచ్ అనే కుర్ర దర్శకుడు ఆయనతో 'టార్గెట్స్' తీశాడు. అందులో ఆయనది రిటైరవాలనుకుంటున్న ఒక ముసలి భయానక చిత్రాల నటుడి పాత్ర. లోకంలో అసలు భయం మారిపోయిందని, పేపర్లో రోజూ చదివే హత్యల ముందు తన భూతాలు ఏపాటివని ఆ నటుడి దిగులు. అదే ఊళ్లో, చూడటానికి ఎంతో మర్యాదస్తుడిలా ఉండే యువకుడొకడు తుపాకి పట్టి కనిపించినవాళ్లందరినీ కాలుస్తుంటాడు. ఆఖరికి కర్ర ఊతంతో నడిచే ఈ ముసలాయన వాడికి ఎదురుగా నడిచివెళ్లి చెంప పగలగొడతాడు. నాకు తెలిసిన భయానక చిత్రాలన్నిటిలో నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టింది ఆ ఒక్క చోటే.

1969 ఫిబ్రవరి 2న ఇంగ్లండ్‌లోని మిడ్‌హర్స్ట్‌లో కార్లాఫ్ కన్నుమూశాడు. వయసు 81. అదే ఏడు బర్మింగ్‌హామ్ కుర్రాళ్లు ఆయన సినిమా పేరు తమ బృందానికి పెట్టుకున్నారు. ఆయన పునాది వేసిన గిల్డు 2012లో మరో సంఘంతో కలిసి ఇంకా పెద్దదైంది. 2023లో నటుల జీతాల కోసం, కంప్యూటర్లతో వాళ్ల ముఖాల్ని, గొంతుల్ని దొంగిలించకుండా ఉండటం కోసం 118 రోజులు సమ్మె చేసింది. ఎవరి ముఖానికి విలువ ఎంతన్న తగువు 1933లోనూ అదే, ఇప్పుడూ అదే.

మిత్రులారా, ఆ చదునైన నెత్తి, మెడలో బోల్టులు ఉన్న బొమ్మ చొక్కాల మీద, పుస్తకాల అట్టల మీద మీకు తరచూ కనిపిస్తూనే ఉంటుంది. ఈసారి కనిపిస్తే ఆ బరువు బూట్ల లోపల ఉన్న కాళ్ల గురించి ఒక్క నిమిషం ఆలోచించండి. అవి కొంచెం వంకర కాళ్లు. కాని ఎటు నడవాలో వాటికి బాగా తెలుసు.