అశ్వహృదయమెరిగిన జెనోఫన్

గుర్రపు స్వారీ నేర్చినవారు ఏ దేశంలోనైనా ఒక విషయంలో ఏకాభిప్రాయానికి రారు. ఏ కళ్ళెం మంచిది, వాగెలు ఎంత బిగువుగా పట్టాలి, జీను ఎలా ఉండాలి అన్న ప్రశ్న వచ్చిందంటే ప్రతి రౌతూ తన మాటే వేదమంటాడు. ఈ వాదం నేటిది కాదు. సుమారు రెండువేల నాలుగువందల సంవత్సరాల క్రితమే ఒక గ్రీకు రచయిత ఈ విషయమై తన అభిప్రాయాలను నిర్మొహమాటంగా గ్రంథస్థం చేశాడు. నలమహారాజు కథ విన్న మనకు అశ్వహృదయమనే మాట కొత్త కాదు. ఆ మాటకు తగిన ఆ మహనీయుడే జెనోఫన్. ఆయన జీవితాన్ని, ఆయన చెప్పిన కళ్ళెం సంగతిని మా విద్యార్థి మిత్రులకు పరిచయం చేయదలచాము.

జెనోఫన్ క్రీ.పూ. 430 ప్రాంతంలో ఏథెన్సు నగరరాజ్యంలో ఒక సంపన్న కుటుంబంలో జన్మించాడు. తండ్రి పేరు గ్రిల్లస్. యౌవనంలో సోక్రటీసును ఆశ్రయించి శిష్యుడయ్యాడు. పారశీక యువరాజు సైరస్ కొలువుకు వెళ్ళమని ఒక మిత్రుడు ఆహ్వానించినప్పుడు గురువు సలహా కోరాడు. డెల్ఫీ దేవాలయంలో దైవాజ్ఞ అడగమని గురువు పంపాడు. వెళ్ళాలా వద్దా అని అడగవలసిన శిష్యుడు, ప్రయాణం సఫలం కావడానికి ఏ దేవతలను అర్చించాలని మాత్రమే అడిగి వచ్చాడు. గురువు మందలించి, అడిగినది అడిగావు గనుక ఆ ప్రకారమే నడుచుకోమన్నాడు. ఉబలాటం పగ్గాలు తెంచుకున్న వయస్సు అది.

క్రీ.పూ. 401లో సైరస్ తన అన్నపై దండెత్తి, బాబిలోను సమీపాన కునాక్సా యుద్ధంలో మరణించాడు. ఆయన వెంట వచ్చిన పదివేల పైచిలుకు గ్రీకు సైనికులు శత్రుదేశం నడుమ చిక్కుకున్నారు. సంధి నెపంతో పిలిచి వారి సేనానులను పారశీకులు వధించారు. అప్పుడు ఎన్నికైన కొత్త నాయకులలో జెనోఫన్ ఒకడు. సామాను మోసే గుర్రాలలో మేలైనవి ఏరి, ఏబదిమంది రౌతుల చిన్న దళాన్ని ఆయన సలహా మీదనే సమకూర్చారు.

ఆ ప్రయాణంలో ఒకనాడు శత్రువుల కంటె ముందు కొండశిఖరం చేరవలసి వచ్చింది. గుర్రంపై నుండి త్వరపెడుతున్న జెనోఫన్‌ను చూచి, డాలు మోయలేక అలసిన ఒక కాలిబంటు, స్వారీ చేసేవానికి నడిచేవాని కష్టమేమి తెలుసునన్న భావంతో నిష్ఠూరమాడాడు. జెనోఫన్ వెంటనే గుర్రం దిగి, అతనిని వరుస నుండి తప్పించి, ఆ డాలు తానే ధరించి, బరువైన రౌతు కవచంతోనే కొండ ఎక్కసాగాడు. తోటి సైనికులు ఆ బంటును చీవాట్లుపెట్టి కొట్టి, డాలు తిరిగి తీసుకొనేటట్లు చేశారు.

ఆర్మీనియా మంచులో గుర్రాలు పొట్టవరకూ కూరుకుపోతుంటే, వాటి కాళ్ళకు చిన్న సంచులు కట్టాలని ఒక గ్రామపెద్ద నేర్పాడు. ఆ ఉపాయాన్ని జెనోఫన్ శ్రద్ధగా వ్రాసిపెట్టాడు. గుర్రపు సామగ్రిని గురించి పామరుడు చెప్పినా ఆయన వినేవాడన్నమాట.

క్రీ.పూ. 399లో లాంప్సకస్ చేరేసరికి చేతిలో చిల్లిగవ్వ లేదు. ప్రాణప్రదమైన గుర్రాన్ని ఏబది దారిక్కులనే బంగారు నాణేలకు అమ్ముకున్నాడు. సైన్యానికి జీతాలు తెచ్చిన ఇద్దరు మిత్రులు సంగతి గ్రహించి, ఆ గుర్రాన్ని తిరిగి కొని తెచ్చి ఇచ్చారు, వెల పుచ్చుకోలేదు.

తరువాత స్పార్టా పక్షం వహించినందున స్వదేశ బహిష్కృతుడై, ఒలింపియా సమీపాన స్కిల్లస్ గ్రామంలో చాలాకాలం గడిపాడు. క్రీ.పూ. 371లో ల్యూక్ట్రా యుద్ధంలో స్పార్టా ఓడిన పిమ్మట ఆ ఇల్లూ పోయింది. స్వారీని గురించిన ఆయన గ్రంథం వయస్సు మీరిన ఒక రౌతు చిన్నవారికి చేసిన హితబోధ.

ఉర్దూలోనూ తెలుగులోనూ మనం వాడుకునే జీను, రికాబు అనే పరికరాలు ఆనాటి గ్రీకులకు లేవు. గుర్రపు వీపుమీద ఒక బట్ట మాత్రమే. ఈటెను ఊతగా చేసుకొని ఎగిరి ఎక్కడమూ ఒక పద్ధతి. నాడాలు లేవు గనుక గిట్టలు గట్టిపడేందుకు రాళ్ళు పరచిన నేల కావాలన్నాడు. రౌతుకు ఉన్న ముఖ్య సాధనం కళ్ళెమొక్కటే. ప్రతి రౌతుకు రెండు కళ్ళేలుండాలని ఆయన మతం: ఒకటి నున్ననిది, రెండవది ముళ్ళు గలది. బిర్రబిగిసిన కళ్ళెం కంటె కీళ్ళలో కదిలే కళ్ళెం మేలు. ఇనుము దవడల్లోకి మరీ లోపలికి పోతే నోరు మొద్దుబారుతుంది. మరీ ముందుకు వస్తే గుర్రం దానిని పళ్ళతో కరచిపట్టి మొండికేస్తుంది. ఒక ప్రక్క వాగె పట్టి నడిపిస్తే నోరు ఆ ప్రక్క కాయకాస్తుంది.

ముళ్ళ కళ్ళెం విషయంలో ఆయనను సమర్థించడం మాకు కష్టమే. నేటి దృష్టికి అది క్రూరసాధనం. కాని కరకుదనం రుచి చూచిన గుర్రానికి నున్నని కళ్ళెం సుఖమనిపించి, దానితోనే పాఠం మరువక నడుస్తుందని ఆయన ఊహ. ఆయన కాలపు పరిమితి ఇక్కడ స్పష్టం. అయితే అదే గ్రంథంలో ఆ పరిమితిని దాటిన మాటలూ ఉన్నాయి. కోపంతో గుర్రం దరికి పోరాదు. బెదరిన గుర్రాన్ని కొట్టరాదు. కొడితే ఆ దెబ్బ బాధ కూడ తాను బెదరిన వస్తువు వల్లనే కలిగిందని అనుకుంటుంది. రౌతు తానే ముందు ఆ వస్తువును తాకి చూపి, మెల్లగా దగ్గరకు తీసుకుపోవాలి. కొరడాతో ఆడించిన నర్తకి నాట్యంలో ఎంత అందముంటుందో, బలవంతపు నడకలోనూ అంతే ఉంటుంది.

ఆయన కుమారులిద్దరూ ఏథెన్సు ఆశ్వికదళంలో చేరారు. పెద్దకొడుకు గ్రిల్లస్ క్రీ.పూ. 362లో మాంటినియా యుద్ధంలో మరణించాడు. అర్చన చేస్తున్న తండ్రి ఆ వార్త విని తలమీది పూలదండ తీసివేసి, కొడుకు ధైర్యంగా పోరాడి పడ్డాడని తెలిసి మరల ధరించాడని చెబుతారు. క్రీ.పూ. 354 ప్రాంతంలో జెనోఫన్ కాలధర్మం చెందాడు.

గుర్రాల యుగం గడిచింది. అయినా ఒకరి నోట కళ్ళెం వేసి నడిపే అధికారం లోకంలో నేటికీ ఉన్నది. తరగతిలో ఉన్నది, ఇంట ఉన్నది, కార్యాలయంలో ఉన్నది. మా విద్యార్థులలో రేపు ఎందరి చేతికో వాగెలు రాగలవు. నాడు కొండదారిలో గుర్రం దిగి డాలు మోసిన ఆ రౌతును అప్పుడు స్మరించుకుంటే చాలునని మేము తలుస్తాము.