ఇమ్మాన్యుయేలు కాంటు

యూరపుఖండమందలి తత్త్వవేత్తలలో అగ్రగణ్యుఁడగు ఇమ్మాన్యుయేలు కాంటు 1724వ సంవత్సరము ఏప్రిలు 22వ తేదీని ప్రష్యారాజ్యమందలి కోనిగ్స్‌బర్గు పట్టణమున జన్మించెను. తండ్రి గుఱ్ఱపుసాజు కుట్టి జీవించు పనివాఁడు. తల్లి దైవభక్తి గలది. ఆమె 1737లో మరణించెను. తండ్రియు గతించిన పిదప ఈయన కొన్ని యేండ్లు పరుల యిండ్లలో బాలురకు చదువు చెప్పి, 1755లో విశ్వవిద్యాలయమున ఉపన్యాసకుఁడై, 1770లో ఆచార్యపదవి నందెను.

మంచిపని యనఁగా నెట్టిది? ఈ ప్రశ్నకు పూర్వులు పలుతెఱఁగుల సమాధానము చెప్పియుండిరి. ఎపిక్యూరసు సుఖమనెను, హచిసను మనలోని నైతికానుభూతి యనెను, వుల్ఫు పరిపూర్ణత యనెను, క్రూసియసు దైవాజ్ఞ యనెను. 1785, 1788 సంవత్సరములలో వెలువరించిన నీతిగ్రంథములలో కాంటు ఇట్టి వాదముల నన్నిటిని శోధించెను. సుఖమును, అనుభూతియును మనుజునకు మనుజునకు మాఱుచుండును. కావున అవి యెల్లరకును శాసనము కాఁజాలవు. పరిపూర్ణత దేనికొఱకో తెలియనిదే ఆ మాట వట్టిది. దేవుఁడు మంచివాఁడని యెఱుఁగుటకు మంచి యన నేమో ముందుగా తెలిసియుండవలెను. శిక్షాభయముచే మాత్రమే విధేయుఁడగువాఁడు తన్ను తాను ప్రేమించుకొనుచున్నాఁడే కాని ధర్మమును కాదు. ఈ వాదములన్నియు ధర్మమును వేఱొక ప్రయోజనమునకు సాధనముగా చేయుచున్నవని ఆయన తేల్చెను. ఇంతమాత్రమున ఆయన దేవుని నిరాకరింపలేదు.

విద్యార్థులారా! పట్టువడుదునను భయముచే పరీక్షలో చూచి వ్రాయనివాఁడు తప్పు చేయలేదు, నిజమే. కాని కాపలా లేనినాఁడు వాని నడవడి యెట్లుండును? ఎల్లరును అట్లే చేసిన పరీక్ష యనునదే నిలువదని గ్రహించి, ఎవరును చూడకున్నను మానువాని కార్యమే కాంటు దృష్టిలో విలువ గలది.

ఈ నియమము ఆయనకే పరీక్షయై నిలిచెను. 1793లో మతమునుగూర్చి ప్రకటించిన గ్రంథమునకు రాజు కినిసి, మఱుసటియేఁట హెచ్చరిక పంపెను. కాంటు తన అభిప్రాయములను ఉపసంహరింపలేదు. అసత్య మాడరాదు గాని సత్యమంతయు ప్రకటింపవలెనను విధి లేదని తలంచి, ఆ విషయమున మౌనము వహింతునని మాట యిచ్చెను. 1797లో రాజు మరణింపఁగా, ఆ మాట ఆ రాజునకే చెల్లునని యెంచి, 1798లో మరల వ్రాసెను. ఇది ధర్మమా, చాతుర్యమా యని పండితులు నేఁటికిని తర్కింతురు. ఆపత్సమయమునందైనను అసత్యము కూడదను ఆయన నియమము మిక్కిలి కఠినమని ఆక్షేపించువారును కలరు.

కాంటు వివాహమాడలేదు. 1804వ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీని తాను పుట్టిన పట్టణముననే కాలధర్మము నొందెను. 1946 మొదలు కలినిన్‌గ్రాడు అను పేరఁ బరగు ఆ పట్టణమున, పెద్ద దేవాలయము చెంత ఆయన సమాధి నేఁటికిని కలదు.