మరుగున పడిన శాస్త్రవేత్త: డా॥ సుభాష్ ముఖోపాధ్యాయ్

మన దేశంలో తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ ఎప్పుడు పుట్టిందంటే 1986 అని మేము ఇంటర్‌లో బట్టీపట్టాం. అది తప్పని పీజీకి వచ్చాకే తెలిసింది. అసలు సంవత్సరం 1978. ఆ పని చేసినవారు కలకత్తా డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్.

ఆయన 1931 జనవరి 16న హజారీబాగ్‌లో జన్మించారు. కలకత్తాలో వైద్యం చదివి, అక్కడొకటి, ఎడిన్‌బరోలో ఒకటి, రెండు పీహెచ్‌డీలు చేశారు.

అండాలు ఎక్కువగా రావడానికి ఆయన తల్లికి హార్మోన్లు ఇచ్చారు. అయితే వాటి ప్రభావం వల్ల ఆ నెలలో గర్భాశయం పిండాన్ని నిలుపుకోవడం కష్టం. అందుకని పిండాన్ని గడ్డకట్టించి దాచి, తర్వాత గర్భంలో పెట్టాలనుకున్నారు. చిక్కంతా ఇక్కడే ఉంది. కణంలో ఎక్కువ భాగం నీరే. అది గడ్డకడితే మంచు స్ఫటికాలు కణాన్ని లోపలి నుంచే చీల్చేస్తాయి. డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే ద్రవం కణాల్లోకి చేరితే ఆ ప్రమాదం తగ్గుతుంది. ఆయన వాడింది అదే. సునీత్ ముఖర్జీ, గైనకాలజిస్టు సరోజ్ కాంతి భట్టాచార్య తోడుగా నిలిచారు. 53 రోజులు గడ్డకట్టి ఉన్న ఆ పిండమే 1978 అక్టోబర్ 3న పాపగా పుట్టింది. దుర్గ అని పిలిచారు. ఇంగ్లండులో ప్రపంచపు తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ పుట్టి అప్పటికి 70 రోజులే! గడ్డకట్టించిన పిండంతో ఆస్ట్రేలియా వారు బిడ్డను చూసింది 1984లో.

రాష్ట్ర ప్రభుత్వం విచారణ కమిటీ వేసింది. దాని అధ్యక్షుడు రేడియో భౌతిక శాస్త్రవేత్త! తమ పేర్లు బయటపెట్టవద్దని పాప తల్లిదండ్రులు కోరారు, ఈయన ఆ మాట నిలబెట్టుకున్నారు. కమిటీ నమ్మలేదు. జపాన్ సదస్సుకూ వెళ్లనివ్వలేదు. పూర్తి వివరాలతో పెద్ద వ్యాసం ముందే అచ్చు వేయించాల్సిందని మాకూ అనిపిస్తుంది. కానీ దానికి అంత శిక్షా? 1981 జూన్‌లో ఆయనను కంటి వైద్య సంస్థకు బదిలీ చేశారు. హార్మోన్ల మీద పనిచేసే మనిషికి అక్కడేం పని? జూన్ 19న ఆత్మహత్య చేసుకున్నారు.

1986 నాటి పాప పుట్టుకకు కారకులైన శాస్త్రవేత్త టి.సి. ఆనంద్ కుమార్ 1997లో కలకత్తా వెళ్లి ముఖోపాధ్యాయ్ కాగితాలు చదివారు. మొదటి స్థానం తనది కాదు, ఆయనదేనని కరెంట్ సైన్స్ పత్రికలో రాశారు. సొంత కీర్తిని అలా వదులుకున్నవారు మాకు మరొకరు కనబడలేదు. 2003లో దుర్గ స్వయంగా ఆయన స్మారక సభకు వచ్చి, ఆ పాపను తానేనని అందరి ముందూ చెప్పింది.