పద్నాలుగేళ్ల హీరోయిన్

మూకీ సినిమాల కాలంలో హాలీవుడ్‌లో లూసీల్ రిక్సెన్ అనే అమ్మాయి ఉండేది. అసలు పేరు ఇంగెబోర్గ్ మిర్టిల్ ఎలిజబెత్ ఎరిక్సెన్. 1910 ఆగస్టు 22న షికాగోలో పుట్టింది. తల్లిదండ్రులది డెన్మార్క్ మూలం. ఊహ తెలిసీ తెలియని వయసులోనే కెమెరా ముందు నిలబడింది. పదేళ్లకల్లా తల్లితోపాటు కాలిఫోర్నియా చేరింది. అన్న మార్షల్ కూడా సినిమాల్లో వేసేవాడు. గోల్డ్‌విన్ స్టూడియో తీసిన 'ఎడ్గార్' హాస్య చిత్రాల్లో ఆమెవి చిన్నపిల్ల వేషాలే. ఆ వయసుకి అవే అందం కదూ!

అక్కడితో ఆగితే బాగుండేది. పన్నెండు దాటేసరికి పిల్ల కాస్త పొడుగైంది. మన ఇళ్లలో ఓణీ వేయగానే పెద్దదైపోయిందంటామే, అలాగే స్టూడియో వాళ్లు ఆమెకి జుట్టు తీర్చి, పెద్దవాళ్ల గౌన్లు తొడిగారు. పత్రికలవాళ్లకి వయసు పెంచి చెప్పారు. 1923లో 'ది రాండేవూ'లో ఆమె హీరోయిన్. హీరో కాన్రాడ్ నాగెల్‌కి అప్పటికి 26 ఏళ్లు, ఈమెకి పదమూడు!

అప్పట్లో సినిమా ప్రచారకుల సంఘం ఒకటి ఏటా పదముగ్గురు కొత్త తారలను ఎంపిక చేసి 'వాంపస్ బేబీ స్టార్స్' అని పేరు పెట్టేది. 1924 జాబితాలో తరువాత జగమెరిగిన తార అయిన క్లారా బో ఉంది, లూసీల్ కూడా ఉంది. ఆ జాబితాలో నిజంగా బేబీ అనదగ్గది ఈ పిల్లేనేమో. కానీ ఆ మాట పైకి చెప్పేదెవరు?

ఆ ఒక్క ఏడాదే పది సినిమాల దాకా చేసింది. 'ది హిల్ బిల్లీ', 'గాలపింగ్ ఫిష్', 'బిహైండ్ ది కర్టెన్', 'వ్యానిటీస్ ప్రైస్'... ఒకటి అవుతూనే ఇంకోటి. ఈ వయసులో మన పిల్లలు తొమ్మిదో తరగతి లెక్కలకే అలిసిపోయామంటారు. వద్దనాల్సిన తల్లి ఏమనుకుందో మరి. నాకు ఆవిడ మీద కోపం రాబోయి ఆగిపోతుంది. ఎందుకంటే చివరికి పిల్ల మంచం పక్కన కూర్చుని సేవ చేసిందీ ఆవిడే.

లూసీల్ మంచాన పడింది. క్షయ. దానికి పనిచేసే స్ట్రెప్టోమైసిన్‌ని 1943లో గానీ కనిపెట్టలేదు. అప్పట్లో విశ్రాంతీ, మంచి తిండీ, గాలీ తప్ప వేరే మందు లేదు. విశ్రాంతి అవసరమైన ఏడాదేమో షూటింగులతో గడిచిపోయింది.

1925 తొలి నెలల్లో, కూతురికి సేవ చేస్తూ చేస్తూనే తల్లి హఠాత్తుగా కన్నుమూసింది. కొద్ది వారాలకే, మార్చి 13న, లూసీల్ కూడా పోయింది. పదిహేనో పుట్టినరోజుకి ఇంకా అయిదు నెలలుంది. ఆమె నటించిన 'ది డినయల్' సరిగ్గా ఆ నెలలోనే థియేటర్లకొచ్చింది.